గడ్డి మేడం

సంతాప సభలో ఆమెను మృదుస్వభావి అన్నారు.

వేదిక మీద ఆమె ఫొటో, దానికి చేమంతుల దండ, పక్కన గరగరమనే మైకు. ఒకాయన లేచి ఆమె అందరితో కలుపుగోలుగా ఉండేదన్నాడు. ఇంకొకాయన పెద్దల మాట ఏనాడూ కాదనలేదన్నాడు. నా పక్కన కూర్చున్నతను మా వ్యవసాయ పరిశోధన సంస్థ గ్రీన్‌హౌస్‌లో మొక్కలకు నీళ్ళు పట్టే మనిషి, ఏళ్ళ తరబడి ఆమె చేత తిట్లు తిన్నవాడు. మెల్లగా నా వైపు వంగి, "ఎవల గురించి చెప్తున్నరు మేడం గిది?" అని అడిగాడు.

అక్కడ నవ్వాపుకోవడమే సరిపోయింది. జవాబు ఇక్కడ చెబుతున్నాను.

ఆమె కలుపుగోలు మనిషి కాదు. పెద్దల మాటే కాదు, ఎవరి మాటా ఊరికే వినేది కాదు. పొట్టి మనిషి. వరండాలో నడిచొస్తుంటే ఎదురొచ్చేవాళ్ళే పక్కకు తప్పుకోవాలి. చేతికి మగవాళ్ళ గడియారం. గాజులు మాత్రం ఉండవు. ల్యాబులో దీపం మంట దగ్గర పని కాబట్టి వేసుకోనని మాతో అనేది. పండుగ పూట కూడా ఎందుకు వేసుకోదో వాళ్ళమ్మ చెప్పింది. పాతబస్తీలో వాళ్ళది లక్క గాజులకు నగీలు, అంటే రంగురాళ్ళు, అద్దే ఇల్లు. నాన్న రైల్వేలో పట్టాల పని చేసేవాడు. ఇంట్లో ఆడవాళ్ళంతా కూర్చుని, వెచ్చగా మెత్తబడిన లక్కలో మెరిసే నగీలను ఒక్కొక్కటే ఒత్తేవాళ్ళు.

"చిన్నప్పుడు వేలకు వేల గాజులు చేసింది బిడ్డా," అంది ఆ అవ్వ. "అన్ని దుకాణానికే పోయేటియి. ఒక్కటన్న తొడుక్కుంటనని ఏడిస్తే చేతుల మీద కొట్టిన. పెద్దగయి కొలువు జేస్తున్నంక నేనే కొనుక్కచ్చి తొడుక్కోమన్న. 'అప్పుడియ్యలే గదా, ఇప్పుడు నాకొద్దు పో' అన్నది. గంతే. మళ్ళ ముట్టలే."

ఆ పని మాత్రం ఆమె వేళ్ళలో ఉండిపోయింది. జొన్న కంకిలో గింజ ఇంకా పాలు పట్టే దశలో ఉన్నప్పుడు, దాన్ని చీల్చి లోపలి పిండాన్ని చెదరకుండా బయటికి తియ్యాలి. ఆవగింజ కంటే చిన్నగా, అద్దంలా ఉంటుంది అది. మాకు పదింటిలో నాలుగు చితికిపోయేవి. ఆమె మాటల్లో మమ్మల్ని కడిగేస్తూనే, చేతిలోని పట్టకారుతో వరసగా తీసి పేర్చేసేది.

నేను ప్రాజెక్టు ఫెలోగా చేరినప్పుడు అద్దెకు గది దొరక్క తిరుగుతుంటే, ఉప్పుగూడలోని తన ఇంట్లో పైగది ఇచ్చింది. ఇచ్చిన రోజే షరతు పెట్టింది. "ల్యాబుల మేడం. ఇంట్ల అక్క. ల్యాబుల అక్కా అని గారాలు పోతే ఊకోను. ఇంట్ల మేడం అంటే చాయ్ పొయ్యను."

పొద్దున్నే ఇద్దరం ఆమె స్కూటర్ మీద నగరం అవతలి అంచున ఉన్న సంస్థకు బయల్దేరేవాళ్ళం. రైల్వే గేటు పడితే ఇంజను ఆపి నిలబడేది. గేటు కింద నుంచి బండి వంచి దూరేవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి మరీ తిట్టేది. "మా బాపు గీ పట్టాల మీద ఎంతమందిని ఏరిండో తెల్సా నీకు?" అనేది. కొందరు సిగ్గుపడి ఆగేవాళ్ళు. కొందరు తిరిగి తిట్టేవాళ్ళు. ఆమెకు రెండూ ఒకటే.

గడ్డి మేడం అనే పేరు మొదట వెటకారంగానే పుట్టింది. వాళ్ళ బంధువుల పెళ్ళిలో ఒక పెద్దమనిషి అందరి ముందు నవ్వుతూ, "గింత సదువు సదివి గడ్డి పీకుతున్నవట గదమ్మా?" అన్నాడు. ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను. ఆమె చేతిలో అన్నం పళ్ళెం ఉంది.

"అవ్ మామా, గడ్డే," అంది. "వరి గడ్డే. జొన్న గడ్డే. సజ్జ, మక్క, చెరుకు, అన్ని గడ్డి జాతే. నువ్వు రెండోసారి వడ్డించుకున్నవే బగారన్నం, అది గడ్డి గింజలే. నీ నెత్తి మీద పందిరికి నిలబెట్టిన వెదురు గూడ గడ్డే. ఇగ చెప్పు, ఎవరు పీకుతున్నరు, ఎవరు మేస్తున్నరు?"

పందిరంతా నవ్వింది. ఆ పెద్దమనిషి పళ్ళెం పట్టుకుని పక్కకు జరిగాడు. ఆ తర్వాత గల్లీలో ఎవరైనా గడ్డి మేడం అని పిలిస్తే, అది పెట్టిన పేరే అయినట్టు "ఆ, ఏంది?" అని పలికేది.

మా పని ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే ఆమె గొడవ అర్థం కాదు. జొన్న కాండంలో దూరి లోపలంతా తొలిచేసే పురుగు ఒకటుంది. దాన్ని తట్టుకునే జీన్‌ను జొన్నలోకి ఎక్కించాలని మా ప్రయత్నం. గింజ లోపలి పిండాన్ని జెల్లీలాంటి మందు మీద పెడితే అది ఒక తెల్లటి ముద్దగా పెరుగుతుంది. దాన్ని క్యాలస్ అంటారు. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియాకు తన జీన్లను మొక్కల్లోకి దూర్చే అలవాటుంది. దాని చేత మనకు కావలసిన జీన్‌ను మోయించి ఆ ముద్దలోకి పంపాలి. తర్వాత ఆ ముద్ద నుంచి మొక్కను లేపాలి. పొగాకు లాంటివి ఈ పనికి చెప్పినట్టు వింటాయి. గడ్డి జాతి వినదు. అందులో జొన్న మరీ మొండిది. కోసిన చోటల్లా ఎర్రనల్లని రసం కక్కి, ఆ రసంలోనే తను మాడి చచ్చిపోతుంది. సీసాలకు సీసాలు పారబోసేవాళ్ళం.

ఆ రోజుల్లో ఆమె మాకు పెట్టిన నిషేధం ఒక్కటే. దాదాపు అనే మాట ల్యాబులో వినపడకూడదు. "అయినట్టే మేడం" అని ఎవరైనా అంటే చేతిలో పని కింద పెట్టేసేది. "అయిందా, కాలేదా? నట్టే అంటే ఏంది?"

చాలా కాలానికి కొన్ని ముద్దలు చావకుండా నిలబడ్డాయి. పచ్చటి మొగ్గలు వేశాయి. జీన్ ఎక్కనివి చచ్చిపోవడానికి వాడే మందును కూడా తట్టుకున్నాయి. కుండీల్లోకి మార్చాం. ఆకు ముక్కతో చేసే తొలి పరీక్షలో, అంటే పీసీఆర్‌లో, జీన్ ఉందని వచ్చింది. మా విభాగం అధిపతిని పెద్దసారు అనేవాళ్ళం. ఆయన స్వీట్లు తెప్పించాడు. ప్రాజెక్టును సమీక్షించే బృందం త్వరలో రాబోతోంది. ఆయన మొహం అంత వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. చెడ్డవాడు కాదు ఆయన. మా ఫెలోలందరి ఉద్యోగాలూ ఆ ప్రాజెక్టు మీదే ఉన్నాయి, ఆ బరువు ఆయన మోస్తున్నాడు.

ఆమె స్వీటు తీసుకోలేదు. "సదరన్ కానియ్యండి సార్, తర్వాత తింట," అంది.

సదరన్ అంటే రెండో పరీక్ష. మొక్క డీఎన్ఏను ముక్కలు చేసి, వరసగా పరచి, మనం పెట్టిన జీన్ నిజంగా అందులో అతుక్కుని ఉంటే ఫిల్ము మీద నల్లటి గీత పడేలా చేస్తారు. ఆ పరీక్ష నేనే చేశాను. సరిచూసుకోవడానికి మేం పెట్టిన మొదటి గడిలో గీత పడింది. మొక్కలవి ఒక్క గడిలోనూ పడలేదు.

మళ్ళీ చెయ్యమంది. చేశాను. ఏమీ లేదు. నా చేతుల మీద నమ్మకం లేక తనే ఆకులు కోసి, తనే మొదటినుంచి చేసింది. ఏమీ లేదు. ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"మందుకు చావనివన్ని జీన్ ఎక్కినయేం గావు, కొన్ని ఊకెనే తప్పించుకుంటయి. బ్యాక్టీరియా ఆకులల్లనే దాక్కోని ఉన్నది," అంది చివరికి. "మనం చూసింది జీన్‌ను గాదు. మోసుకొచ్చిన దాన్ని చూసి మురిసినం."

పెద్దసారు గదికి వెళ్తూ నన్నూ రమ్మంది. ఆయన ఫిల్ము చూశాడు. తలుపు మూయమన్నాడు.

"మేడం, పీసీఆర్ ఫలితం అబద్ధం కాదు కదా. అది చూపిద్దాం. రెండో పరీక్ష ఇంకా నడుస్తోందని చెబుదాం. ఒక్క ఏడాది పొడిగింపు దొరికితే మీరే నిజంగా సాధిస్తారు. నాకా నమ్మకం ఉంది."

"నడుస్తలేదు సార్. అయిపోయింది. మూడుసార్లు అయిపోయింది."

"ఈ పిల్లల సంగతి ఆలోచించారా?" ఆయన చూపు నా వైపు తిరిగింది.

"ఆలోచించిన. అందుకే చెప్తున్న. ఇయాల మనం గిట్ల చెప్తే, రేపు వీళ్ళు గిట్లనే చెప్తరు. ఆ తర్వాత వీళ్ళ చేతుల్నించి వచ్చిన ఏ ఫిల్మును ఎవరు నమ్ముతరు?"

"మీరు మాట్లాడకండి. నేను చూపిస్తాను."

"చూపియ్యండి. నేను ముందు వరసల కూసుంట," అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే రైల్వే గేటు పడింది. స్కూటరు ఆపి, వెనక్కి తిరక్కుండానే అంది. "నీ కొలువు పోతది నా నోటి వల్ల. తిట్టుకునేదుంటే ఇప్పుడే తిట్టు. మనసుల పెట్టుకోని ఇంట్ల తిరగకు."

"కోపమొస్తుంది అక్కా," అన్నాను.

"రానియ్."

"ఒక్క ఏడాదే గదా ఆయన అడిగింది."

"ఏడాది గాదు ఆయన అడిగింది. నా నోరు అడిగిండు." రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. ఆ రాత్రి వాళ్ళమ్మ భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. కింద నుంచి ఆమె గొంతు వినబడింది. "బతిమాలకు అమ్మా. కోపం తగ్గినంక తింటది."

సమీక్ష రోజున పెద్దసారు తెర మీద పచ్చటి మొక్కల ఫొటోలు చూపించాడు. పీసీఆర్ చూపించాడు. బృందం వాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ మామూలుగా అడిగినట్టే అడిగింది, సదరన్ చేశారా అని. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. ముందు వరసలోంచి ఈమె లేచింది. చేతిసంచిలోంచి ఫిల్ము తీసి, నేరుగా వెళ్ళి ఆ పెద్దావిడ చేతిలో పెట్టింది.

"మొదటి గడి మేము సరిచూసుకునేటందుకు పెట్టింది. మిగిలినయన్ని మా మొక్కలు. వాటిల్ల మీకేమన్న కనబడ్తుందా?"

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "ఏమీ లేదు."

"నాకూ గంతే కనబడింది."

గదిలో చిన్న అలజడి. బృందంలో ఒకాయన విసుగ్గా, "అయితే ఇన్నేళ్ళూ ఏం చేసినట్టు?" అన్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగింది. "జొన్న ముద్దల నుంచి మొక్కల్ని లేపినం. ఆ ఫొటోలు నిజం. జీన్ ఎక్కలేదు. గది గూడ నిజం. రెండూ రాసుకోండి సార్. ఒక్కటే రాసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను."

ప్రాజెక్టు ఆగిపోయింది. మా ఉద్యోగాలు పోయాయి. ఆమెది శాశ్వత ఉద్యోగం కాబట్టి తియ్యలేరు, విత్తనాల గోదాములో కూర్చోబెట్టారు. నియమం ప్రకారం ఆ మొక్కలన్నిటినీ ఆవిరిలో ఉడికించి నాశనం చెయ్యాలి. ఆమె అడ్డం పడుతుందనీ, లొల్లి చేస్తుందనీ పెద్దసారు భయపడ్డాడు. ఆమె పొద్దున్నే వచ్చి ఒక్కో కుండీ తనే మోసుకెళ్ళి ఆవిరి యంత్రంలో పెట్టింది. సాయం పట్టబోతే నన్ను వారించింది. "రూల్ నాకు గూడ రూలే," అంది. యంత్రం చల్లబడేదాకా అక్కడే నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడలేదు.

నేను జల్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. పైగది ఖాళీ చెయ్యలేదు. ఆమె మీద కోపం పోయిందని కాదు, అద్దె తక్కువ. కోపం ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు. ఒకరోజు చూసుకుంటే లేదు.

గోదాములో ఆమె కుదురుగా ఉంటుందని ఎవరనుకున్నారో గానీ వాళ్ళకు ఆమె తెలీదు. పాతబస్తీలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటుంది. అందులో వృక్షశాస్త్రం ల్యాబు ఏళ్ళుగా మూతపడి, విరిగిన బెంచీలకు నిలయమైంది. ఆమె వెళ్ళి ప్రిన్సిపల్‌ను అడిగింది, సెలవు రోజుల్లో వచ్చి పిల్లలకు టిష్యూ కల్చర్ నేర్పుతానని. ఊరికే వస్తానంటే ఎవరు కాదంటారు? ఆ వారమే ఇంట్లో ప్రెషర్ కుక్కరు మాయమైంది. సీసాలను శుద్ధి చేసేందుకు పట్టుకుపోయిందట. వాళ్ళమ్మ నెల రోజులు గిన్నెలో పప్పు ఉడికించింది, ప్రతిరోజూ తిడుతూ. రంగుచేపలు అమ్మే దుకాణంలో గాజుపెట్టె కొని, బోర్లించి, ముందువైపు చేతులు పట్టేంత కంత చేయించి, అందులో దీపం పెట్టి పని మొదలుపెట్టించింది. జెల్లీకి కావలసిన చైనా గ్రాస్‌ను ఫలూదా చేసేవాళ్ళు కొనే దుకాణంలోనే కొన్నది. "పేరుల గడ్డి ఉన్నది గని ఇది గడ్డి గాదు, సముద్రంల నాచు. జాగ్రత్త, పేరు చూసి మోసపోకండి," అని పిల్లలకు మొదటి పాఠం అక్కడే చెప్పింది.

ఆదివారాలు నేనూ వెళ్ళేదాన్ని. బుర్ఖా మడిచి బెంచీ మీద పెట్టి, చున్నీ నడుముకు చుట్టి, తలలకు టోపీలు తొడిగి ఆ పిల్లలు వరసగా కూర్చునేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇళ్ళల్లో లక్క గాజులకు నగీలు అద్దినవాళ్ళే. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె ఎంత సంతోషపడిందో చెప్పలేను. ఒకమ్మాయి వేళ్ళను తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "పట్టకారు పట్టు బిడ్డా," అంది అంతే.

అక్కడ ఆమె జీన్ల జోలికి పోలేదు. దానికి అనుమతులుండాలి, ఆ ల్యాబుకు లేవు. ముద్దను పెంచడం, మొక్కను లేపడం, అంతవరకే. ఒక అమ్మాయి ఆశగా, "బ్యాక్టీరియా ఎప్పుడు పెడ్తం మేడం?" అంటే, "దొంగతనంగ పెట్టం," అని కోసినట్టు చెప్పింది.

కొన్ని నెలలయ్యాక ఒక ఆదివారం వెళ్ళేసరికి ల్యాబుకు తాళం. ఆ గదిని కంప్యూటర్ గది చెయ్యాలని యాజమాన్యం నిర్ణయించిందట. పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. లోపల సీసాల్లో ముద్దలు, అవి ఆ రోజు కొత్త మందులోకి మారకపోతే నల్లబడిపోతాయి. ప్రిన్సిపల్‌కు ఫోను చేస్తే, సోమవారం మాట్లాడదామంది.

"సోమారం దాంక అవి ఆగయి," అని ఆమె గేటు దాటి వెళ్ళింది. వెళ్ళి, సందు చివర తాళంచెవులు చేసే భాయ్‌ను స్కూటరు వెనక ఎక్కించుకుని వచ్చింది. అతను తాళం ముందు కూర్చుని ఇనుప తీగ దూర్చుతుండగా ప్రిన్సిపల్ ఆటోలో దిగింది. ఏం చేస్తున్నారంటూ పరుగున వచ్చింది.

"ఏ క్యా కర్రే మేడం ఆప్?"

"ఖోల్ రహీ హూఁ," అంది ఈమె, తాళం తెరిపిస్తున్నానని. "మీరు గూడ లోపలికి రండి. పిల్లలేం పెంచినరో చూడండి. చూసినంక గూడ తాళం ఎయ్యాలనిపిస్తే, మీ చేతుల్తోని మీరే సీసాలన్ని పారబొయ్యండి. నేను అడ్డం రాను."

తాళం ఊడింది. ప్రిన్సిపల్ లోపలికి వెళ్ళింది. పిల్లలు ఒక్కొక్కరు తమ సీసా పట్టుకుని ఆమె ముందుకు వచ్చి చూపించారు. తెల్లటి ముద్దల మీద సూదిమొనలంత పచ్చటి మొగ్గలు. అందరికంటే చిన్నమ్మాయి, "మేడం, ఏ మేరా హై," అంది, ఇది నాదని తన బిడ్డను చూపించినట్టు. ప్రిన్సిపల్ సీసాను అటూ ఇటూ తిప్పింది. తర్వాత తాళంచెవుల అతని వైపు తిరిగి, "దూసరీ చాబీ భీ బనాదో," అని, రెండో తాళంచెవి కూడా చేయించి ఈమె చేతిలో పెట్టింది.

అసలు విషయం ఆ గదిలోనే తేలింది. జొన్న నల్ల రసం కక్కి చస్తుందంటే, రసం ఊరే లోపలే దాన్ని కొత్త జెల్లీలోకి మారిస్తే? రోజు విడిచి రోజు మార్చాలి. సంస్థలో మేం నలుగురం, వందల సీసాలు. మా వల్ల అయ్యే పని కాదు. ఇక్కడ గదినిండా పిల్లలున్నారు, కాలేజీ విడిచాక అరగంట కూర్చుంటే చాలు. విసుగు లేకుండా మార్చుతూ పోయారు. మాడిపోయేవి తగ్గిపోయాయి. ముద్దలు ఆరోగ్యంగా, గింజల్లా విడివిడిగా పెరిగాయి.

ఆమె ఆ సీసాలను పండ్ల గంపలో సర్దుకుని, సోమవారం పొద్దున పెద్దసారు గదికి వెళ్ళి బల్ల మీద పెట్టిందట. ఇది పెద్దసారే తర్వాత నాకు చెప్పాడు. "కూర్చోమన్నాను. కూర్చోలేదు. 'జొన్న లొంగింది సార్. ఇగ నా బెంచీ నాకియ్యండి. బెంచీతోపాటు నా పిల్లను గూడ పిలువండి' అంది. అడిగినట్టు లేదు, అప్పగించమన్నట్టు ఉంది." ఆ పిల్ల నేనే. కొత్త ప్రాజెక్టు రాసి పంపి, అది మంజూరయ్యేదాకా తిరిగి, నన్ను పిలిపించింది కూడా ఆయనే. ఆ మాట ఆయన గురించి చెప్పకపోతే ఆమె నన్ను క్షమించదు.

ఈసారి ఫిల్ము మీద మొక్క గడుల్లో ఒకచోట గీత పడింది. సన్నగా, నల్లగా. నేను అరిచాను. పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుని చూసి, "దీని గింజలు కోసి, మొలకెత్తించి, ఆ పిల్లమొక్కలల్ల చూడండి. తల్లిల ఉంటే సాలదు, పిల్లలల్ల గూడ ఉండాలె," అంది. పిల్లమొక్కల్లోనూ పడ్డాక స్వీటు అడిగి తీసుకుంది. రెండు తిన్నది.

ఆ జొన్న పొలం చూడలేదు. బయట వేసి చూసేందుకు అనుమతి ఇప్పటికీ రాలేదు. గింజలు శీతల గదిలో ఉన్నాయి. అనుమతి ఇవ్వని వాళ్ళను ఆమె తిడుతుందని నేను అనుకున్నాను. తిట్టలేదు. మా గల్లీ మొదట్లో బండి మీద జొన్నరొట్టెలు చేసే ఆమె ఒకసారి అడిగింది. "అక్కా, నీ జొన్న తింటే మనిషికేమన్న అయితదా?"

"ఇంక తెల్వదు. తెలిసినంక చెప్త."

"మరి మంచిదని టీవీల చెప్పిన్రు?"

"తెల్వకుండనే చెప్పిన్రు."

"చెడ్డదని గూడ చెప్పిన్రు?"

"వాళ్ళూ తెల్వకనే చెప్పిన్రు. పొలంల ఏసి చూస్తెనే తెలిసేది. అందుకే చూడనియ్యమంటున్న." రొట్టె చుట్టించుకుని వచ్చేసింది. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ ఆ గింజలు మొలకెత్తుతున్నాయో లేదో పరీక్షించి, మళ్ళీ అనుమతి కోసం రాస్తూనే ఉంది. ఆ తర్వాత ఆ పని నా చేతికి వచ్చింది. నేనూ రాస్తున్నాను.

రిటైరైన రెండో ఏటనే జబ్బు బయటపడింది. కాలేయం. డాక్టర్లతో కూడా తగువే. ఏ మందు ఎందుకో చెప్పందే మింగేది కాదు. ఆసుపత్రి వద్దని ఇంటికి వచ్చాక, తన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇచ్చెయ్యాలని ప్రకటించింది. వాళ్ళమ్మ భగ్గుమంది. ఎనభై దాటిన మనిషి, రోజూ దీపం పెట్టందే మంచినీళ్ళు తాగని మనిషి.

"నా కండ్ల ముందల నిన్ను కోస్తరా? నేను సచ్చినా ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకోకున్నా నేను ఇస్త."

"ఎట్లిస్తవ్? నువ్వు పోయినంక మాట చెల్లేది నాదే."

"చూద్దాం," అంది కూతురు. ఆ మాట మీద తల్లీ కూతుళ్ళు మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు తల్లే అంబలి కలిపి తాగించింది. ఆ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు, ఇద్దరూ.

ఆమె ఒక మధ్యాహ్నం పోయింది. గల్లీ అంతా వచ్చింది. కాలేజీ పిల్లలు, వాళ్ళలో పెళ్ళిళ్ళయి బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళూ వచ్చారు. బంధువుల్లో పెద్దవాళ్ళు కట్టెలకు మనిషిని పంపబోతున్నారు. నేను ధైర్యం చేసి ఆమె కోరిక గురించి చెప్పాను. ఒక్కసారిగా లొల్లి మొదలైంది. కొరివి పెట్టకుండా పంపితే గతేమిటని ఒకరు, పెండ్లీ లేదు, గాజులూ లేవు, ఆఖరికి గిదొకటా అని ఒకరు. నన్ను బయటిదానివి నీకెందుకన్నారు. చివరికి అందరూ వాళ్ళమ్మ వైపు తిరిగారు. ఆమె కాదంటుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అవ్వ కూతురి తల పక్కన కూర్చుని ఉంది. అప్పటిదాకా ఏడవని మనిషి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"నాకిష్టం లేదు," అంది. "ఇప్పటికీ లేదు. దానికీ తెల్సు."

బంధువు ఒకాయన, "విన్నరు గదా," అని లేచాడు.

"కూసో," అంది అవ్వ. ఆయన కూర్చున్నాడు. "నాతోని లడాయి పెట్టుకోని గెలిచేది అది ఒక్కతే ఈ ఇంట్ల. ఇయాల నోరు లేదని నేను గెలుస్తనా?"

అవ్వ నా వైపు తిరిగింది.

"డాక్టర్ల కాలేజీ బండిని పిలువు బిడ్డా. జల్ది రమ్మను. దానికి ఎదురుచూసుడు నచ్చది."